జ్వరం వచ్చిన గంట

జనగామ
7 డిసెంబర్ 2009, సోమవారం

చెల్లె జహీరాకు దువా.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. చెప్పాల్సినదంతా శుక్రవారం భూపాలపల్లిలో మీ ఇంట్లోనే చెప్పి వచ్చాను. కానీ మన ఉత్తరాలు మోసే భూపాలపల్లి పొద్దుటి బస్సు కండక్టరు సుదర్శన్ బస్టాండులో నన్ను ఆపి, "ఏం సాబ్, ఇయ్యాల చెల్లెకు చిట్టీ లేదా? పానం మంచిగ లేదా ఏంది?" అని గట్టిగా అడిగాడు. నా చెవికి వినపడేలా అడగడంతో బస్టాండులో అందరికీ వినపడింది. నేను బతికే ఉన్నానని జనానికి నిరూపించడానికి ఇది రాస్తున్నాను.

ఫోన్లో మాట్లాడమని నీ కొడుకు మున్నా పోరు పెడుతున్నాడు. నా చెవికి ఫోను ఒక దోమ. ఎవరు మాట్లాడినా ఒకటే రాగం. ఇంట్లో దక్కనీ మాట్లాడి బళ్లో తెలుగు రాసిన అన్నాచెల్లెళ్లం మనం. నాకైతే పత్రికలు చదివీ చదివీ రాత కూడా పత్రికలాగే తయారైంది. అయినా ఉత్తరమే మేలు. అరవనక్కర లేదు.

సత్వాసా వేడుక బాగా జరిగింది. ఏడో నెల పడిన కోడలి ఒడిలో పూలూ పండ్లూ పోసి, పెద్దవాళ్లు తలా ఒక ముద్ద మలీదా నోట్లో పెట్టే పండుగ ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు? రెండు వారాలు ఆలస్యమైతే మొహర్రం నెలవంక కనబడేది, ఆ నెలలో శుభకార్యం చేయలేం, ఆపైన సబాకు ఎనిమిదో నెల పడేది. అందుకే ఒంట్లో బాగా లేకున్నా వచ్చాను. మొదటి ముద్ద నా చేతితోనే పెట్టించావు. సంతోషం.

నా గురించి పరేషాన్ కావద్దు. ముక్కు కారడం ఉత్త జలుబు. దీక్షా శిబిరంలో చల్లటి నేల మీద కూర్చుంటే రాదా మరి. గొంతు పోయింది నినాదాల వల్ల. ఇక ఒళ్లు నొప్పులంటావా, అవి గౌరవప్రదమైన నొప్పులు. బుధవారం తోపులాటలో నా భుజం మీద లాఠీ పడిందని చెప్పాను కదా. ఒక్క దెబ్బకే నడుము, మోకాళ్లు, వేళ్ల కణుపులు కూడా సలుపుతున్నాయి. డెబ్బై ఒకటో ఏట తెలంగాణ కోసం దెబ్బ తిన్న కాంపౌండరు ఈ ఊళ్లో నేనొక్కడినే.

మున్నాకు, సబాకు ఆశీస్సులు.
నీ అన్న గౌస్

●

భూపాలపల్లి
9 డిసెంబర్, బుధవారం

భాయిజాన్‌కు సలాం.

నీ లాఠీ దెబ్బ ముచ్చట మున్నా బాయి కాడ అందరికి చెప్పుకున్నడు. బొగ్గు తవ్వెటోళ్లందరు నిన్ను చూస్తమంటున్నరు. దెబ్బకు నువ్వుల నూనె కాచి పెట్టుకో.

రాసేది ఏందంటే, సబాకు జర నలతగ ఉన్నది. ముక్కు కారుతుంది, దగ్గుతుంది, ఒళ్లు ఎచ్చగున్నది. కండ్లు ఎర్రగైనయి. మొన్న రేగొండ తొవ్వల టైర్లు కాలవెట్టిండ్రు, ఆ పొగ పడ్డదేమో అంటడు మున్నా. ఈ దినాలల్ల ఎవలను చూసినా కండ్లు ఎర్రగనే ఉన్నయి, ఎవలను పలకరించినా గొంతు బొంగురే. ఎవలకు రోగమో, ఎవలకు ఉద్యమమో ఎట్ల తెలుస్తది?

టీవీల ఎండకాలం నుంచి ఆ పంది ఫ్లూ అని ఒక్కటే మొత్తుకుంటున్నరు. పురుడుకు తీస్కపోతమని మానుకోట నుంచి సబా వాళ్ల అమ్మ ఆదివారం జీపు పంపుతున్నది. గంత దూరం, గతుకుల తొవ్వ. ఇది జలుబా, ఫ్లూనా? జలుబైతే పంపుత, ఫ్లూ అయితే ఆపుత. నలభై ఏండ్లు డాక్టరు పక్కన నిలబడ్డోనివి, ఒక్క మాట రాయి.

జహీరా బేగం

●

జనగామ
10 డిసెంబర్, గురువారం

చెల్లె జహీరాకు,

రాత్రి ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఆ చప్పుడేదీ నాకు వినపడలేదు. కిటికీలో వెలుగులు కనబడి లేచి కూర్చున్నాను. తలుపు తీస్తే పెంటయ్య. నన్ను కావలించుకుని భోరున ఏడుస్తున్నాడు. "ఎవరు పోయిండ్రురా?" అని అడిగాను. "ఎవలు పోలేదే ముసలోడా, తెలంగాణ అచ్చింది!" అని నా చెవిలో అరిచాడు. శిబిరంలో పది రోజులు నా పక్కనే కూర్చున్న మనిషి. ఇద్దరం వీధిలోకి పోయి ఎవరో ఇచ్చిన జిలేబీ తిన్నాం. నాకు రుచి తెలియలేదు.

ఇక నీ ప్రశ్న. మా డాక్టరు గారు చెప్పిన ముక్క ఇది. జలుబు మర్యాద తెలిసిన చుట్టం. ముందు గొంతులో గీరుతుంది, మర్నాడు ముక్కులో కూర్చుంటుంది, మూడోనాటికి తుమ్ములు. జ్వరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మనిషి మూలుగుతూనే పని చేసుకుంటాడు. ఫ్లూ అట్లా కాదు. తలుపు తన్నుకుని వస్తుంది. జ్వరం, వణుకు, ఒళ్లంతా ఇరగ్గొట్టినట్టు నొప్పి, అన్నీ ఒక్కసారిగా వస్తాయి. అందుకే ఆయన జబ్బేమిటని అడిగేవారు కాదు. "ఏ గంటకు మొదలైంది?" అని అడిగేవారు. జలుబు మనిషి "మొన్ననో అటుమొన్ననో" అని నీళ్లు నములుతాడు. ఫ్లూ మనిషి గంట చెబుతాడు.

గీత కార్మికుడు లింగయ్య అని ఒకడుండేవాడు. అతని తాటిచెట్లన్నీ రైలు పట్టాల పక్కనే. రైలు పోతుంటే చెట్టు మీది నుంచే డ్రైవరుకు సలాం కొట్టేవాడు. ఒకసారి అతన్ని నలుగురు మోసుకొచ్చారు. గంట అడిగితే, "తాడిచెట్టు ఎక్కేటప్పుడు మంచిగనే ఉన్న దొరా. కల్లు వంపుకున్న. దిగుదమని చూస్తె కాళ్లు చేతులు నాయి గావు" అన్నాడు. చెట్టెక్కినప్పుడు ఆరోగ్యం, దిగేటప్పుడు ఫ్లూ. మధ్యలో ఒక ముంత కల్లు నిండేంత సేపు. అతన్ని దింపడానికి ఇంకో ఇద్దరు ఎక్కారు. ఆ ఇద్దరికీ నాలుగోనాటికి జ్వరం.

కాబట్టి సబాను గంట అడుగు. చెప్పలేకపోతే జలుబే. తులసి, అల్లం కాచి ఇవ్వు, ఆదివారం పంపు. చెప్పిందంటే మాత్రం కడుపుతో ఉన్న మనిషి, క్షణం ఆగవద్దు, దవాఖానకు తీసుకుపో.

నాకు తెలిసి అది జలుబే. నాదీ జలుబే కదా.

గౌస్

●

భూపాలపల్లి
11 డిసెంబర్, శుక్రవారం పొద్దున

భాయిజాన్‌కు సలాం.

గంట అడిగినవు. గంట ఏం లేదు. మెల్లమెల్లగనే వచ్చింది. ముందుగాల గొంతు గీరింది, ఎనక ముక్కు కారింది, మూడోనాడు తుమ్ములు. నువ్వు రాసిన వరుస తప్పలే. అంటే జలుబే. నువ్వు ఫికర్ చెయ్యకు.

పోయిన ఆదివారం ఒక్కనాడు జర ఎక్కువసేపు పండుకున్నది, గంతే. దినమంతా మంచిగనే ఉండె. బట్టలు ఆరేసింది, మున్నాతోని నవ్వుకుంట నల్లకాడికి పోయింది. రెండో షిఫ్టు సైరన్ మోగుడు షురూ అయినప్పుడు సగం బిందె ఎత్తుకున్నది, సైరన్ ఆగేసరికి బిందె కింద పెట్టి గోడకు ఆనుకుని కూసున్నది. దుప్పటి కప్పమన్నది. ఏడో నెల గద, అలసట. గంట మాత్రం ఎవలు చూసిండ్రు?

ఇప్పుడు దగ్గు ఒక్కటే ఉన్నది. గడప దాటితే జర ఆయాసం వస్తుంది. ఆదివారం జీపు ఎక్కిస్త. నీ భుజం నొప్పి ఎట్లున్నది?

జహీరా

●

జనగామ
12 డిసెంబర్, శనివారం మధ్యాహ్నం

జహీరా,

సుదర్శన్ నిన్న రాత్రి నీ ఉత్తరం ఇచ్చాడు. మూడుసార్లు చదివాను.

సైరన్ మొదలై ఆగేలోపు. లింగయ్య తర్వాత ఇంత కచ్చితంగా గంట చెప్పిన రోగి నాకు తగల్లేదు. నీ మొగుడు బాయిలో దిగిన ముప్పై ఏళ్లూ నువ్వు సైరన్ విని బియ్యం కడిగావు, సైరన్ విని పొయ్యి ముట్టించావు. అబద్ధం రాద్దామనుకున్నా నిన్ను ఆ సైరన్ రాయనివ్వదు చెల్లె. ఎందుకు దాచావో కూడా నాకు తెలుసు. అందుకే నా గంట నేను చెబుతున్నాను.

బుధవారం, రెండో తేదీ, సాయంత్రం నాలుగుంబావు. శిబిరంలో చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నాను. తాగలేక కింద పెట్టాను. చాయ్ కాలుతోంది, నాకు వణుకు. మోకాళ్లు అప్పుడే పట్టేశాయి. తోపులాట జరిగింది ఆ తర్వాత, అయిదింటికి.

ఇంకోటి. నా మీద పడింది లాఠీ కాదు. పెంటయ్య జెండా కర్ర. వెనక నుంచి తోస్తే అతని చేతిలోంచి జారింది. అతను ఏదో అన్నాడు, బహుశా మన్నించమనే అన్నాడు, నాకు వినపడలేదు. మర్నాడు ఎవరో లాఠీ అన్నారు, నేను కాదనలేదు. కర్ర పడింది ఎడమ భుజం మీద. మరి కుడి మోకాలు ఎందుకు నొస్తున్నదని నలభై ఏళ్ల కాంపౌండరు తనను తాను అడగలేదు. ఇంకెవరైనా వచ్చి ఆ మాట చెబితే నవ్వేవాడిని. ఆ దెబ్బ మీద నాకు అంత మోజు.

శుక్రవారం పొద్దున రెండు జ్వరం బిళ్లలు వేసుకుని బస్సెక్కాను. చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. జ్వరం పోయిందనుకున్నాను. ఆ చేతితోనే సబాకు ముద్ద పెట్టాను.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. మానుకోట ప్రయాణం ఆపు. ఈ పూటే దవాఖానకు తీసుకుపో. ఏడో నెల అని, ఆదివారం రెండో షిఫ్టు సైరన్‌కు ఒక్కసారిగా జ్వరం వచ్చిందని, ఫ్లూ ఉన్న ముసలివాడి చేతి ముద్ద తిన్నదని చెప్పు. సిగ్గుపడకు, నా పేరు కూడా చెప్పు. ఆయాసం జలుబులో ఉండదు.

పొద్దున పెంటయ్యతో మున్నా నంబరుకు ఫోన్ చేయించాను. నువ్వే ఎత్తి "అందరం మంచిగున్నం అన్నా" అన్నావట. పెంటయ్య సంబరంగా వచ్చి చెప్పాడు. పరాయి మగవాడికి ఇంటి ఆడపిల్ల సంగతి నువ్వు చెప్పవు. నేను నమ్మలేదు. మళ్లీ చేయిస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు.

నేనే బయలుదేరేవాడిని. దగ్గు ఇంకా పోలేదు. ఒకసారి జబ్బును మోసుకొచ్చింది చాలు. సుదర్శన్ చేతికిస్తున్నాను, రేపు పొద్దున్నే అందుతుంది.

నీ అన్న

●

వరంగల్, పెద్ద దవాఖాన
17 డిసెంబర్, గురువారం

భాయిజాన్‌కు సలాం.

శనివారం నుంచి నీ ఉత్తరం కోసం చూస్తున్న. రాలే. అలిగినవా, లేకుంటే నీకే ఏమన్న అయిందా? ఇది పోస్టుల వేస్తున్న.

సబా దవాఖానల ఉన్నది. పోయిన శుక్రవారం నీకు చిట్టీ పంపినంక పగటియాల్ల మా క్వార్టర్ల వరుసల ఉండే గ్రేస్ వచ్చింది. నర్సు పని చేస్తది. క్రిస్మస్ నక్షత్రం కట్టుకుంటందుకు నిచ్చెన అడగొచ్చింది. లోపల సబా దగ్గు విన్నది. "ఎప్పటిసంది అక్కా?" అన్నది. నీకు రాయని గంట ఆమెకు చెప్పిన. ఎట్ల చెప్పిన్నో నాకే తెల్వది. నిచ్చెన గోడకే ఉండె, ఆమె లోపలికి పోయి సబా ఎదరొమ్ము చూసి, "మున్నాను బండి తెమ్మను" అన్నది. చెప్పులు గూడ తొడుగనియ్యలే.

ముక్కుల పుల్ల పెట్టి తీసి పంపిండ్రు. ఆ ఫ్లూనే అన్నరు. రెండు దినాలు మూతికి మాస్కు కట్టి గాలి పెట్టిండ్రు. మాటలు రాకపాయె, కండ్లతోనే మున్నాను అడిగేది, బిడ్డ కదులుతుందా అని. వాడు కడుపు మీద చెయ్యి పెట్టి తల ఊపేటోడు. శనివారం పొద్దున పెంటయ్యన్న ఫోన్ చేసినప్పుడు నేను గాలి పెట్టిన గది బయట ఉన్న. ఆయనకు ఏం చెప్పాలె, మంచిగున్నం అన్న.

జ్వరం మొన్న దిగింది. గాలి తీసేసిండ్రు. పొద్దుగాల లేచి కూసుని పచ్చిపులుసు కావాలన్నది. డాక్టరు ఇంక నాలుగు దినాలు చూడాలె అన్నడు. బిడ్డ కదులుతుంది. నేను చెయ్యి పెట్టి చూసిన.

ఇప్పుడు నాకు నీ మీద కోపమున్నది, నా మీద గూడ ఉన్నది. సత్వాసా నాడు నువ్వు గడపల అడుగుపెట్టి నా నెత్తి మీద చెయ్యి పెట్టినవు యాదికున్నదా? కుంపటి లెక్క కాలింది. నాకు అప్పుడే ఎరుకైంది. ముసలోడు గింత దూరం వచ్చిండు, వద్దని ఎట్ల అందు, అబ్బా అమ్మీ లేరు, పెద్దదిక్కు ఈయన ఒక్కడే, మొహర్రం వస్తే మళ్ల దినం దొరకది అనుకున్న. నోరు మూసుకుని మలీదా తట్ట నీ చేతికిచ్చిన. మొదటి ముద్ద నువ్వే పెట్టాలని పట్టువట్టింది నేను. సబాది గంట రాస్తే నీది గూడ ఫ్లూనే అని తేలుతదని రాయలే. నువ్వు కుమిలి చస్తవని. అగో, మధ్యల పిల్ల చస్తుండె.

జవాబు రాయి. అలిగితే అలిగినవని రాయి.

జహీరా

●

జనగామ
21 డిసెంబర్, సోమవారం

జహీరా,

అలగలేదు. నా 12వ తేదీ ఉత్తరం దీంతో జత చేస్తున్నాను, చదువుకో. అది నీకు అందిందని, చదివి నా మొహం చూడదలచుకోక ఊరుకున్నావని నేను అనుకున్నాను. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయిదో రోజు పెంటయ్యను కూర్చోబెట్టి జెండా కర్ర సంగతి ఒప్పుకున్నాను. "నాకు ఎరుకే ముసలోడా. నువ్వు మురుస్తున్నవని ఊకున్న" అన్నాడు. శనివారం నీ చిట్టీ పోస్టులో వచ్చాకే ఊపిరి ఆడింది.

ఆ ఉత్తరం నీ దాకా ఎందుకు రాలేదో విను. ఇవాళ సుదర్శన్ డ్యూటీకి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. ఆ శనివారమే మంచాన పడ్డాడట. నా కవరు టికెట్ల సంచిలోనే ఉండిపోయింది. నేను గంట అడగకముందే చెప్పాడు. "హన్మకొండ చౌరస్తల సాబ్. ఎర్రలైటు పడ్డప్పుడు మంచిగనే ఉన్న. పచ్చలైటు పడేసరికి బస్సు రాడ్డు పట్టుకుని ఏలాడుతున్న."

సబాను చూస్తానని అడగను. పచ్చిపులుసు కారం తగ్గించి పెట్టు. గ్రేస్‌కు నా సలాం చెప్పు, ఆమెకు నిచ్చెన ఇచ్చావో లేదో రాయి.

నీ అన్న

●

జనగామ
20 ఫిబ్రవరి 2010, శనివారం

చెల్లె జహీరాకు దువా.

బస్సులు బంద్ కావడంతో నువ్వు భూపాలపల్లిలో చిక్కుకుపోయావని, నిన్న చూసింది చూసినట్టు రాయమని మున్నా చెప్పాడు. బిడ్డ పుట్టిందని ఫోనులో నీకు ఎటూ చెప్పే ఉంటాడు. మిగతాది రాస్తాను.

నిన్న తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టిందని పెంటయ్యకు ఫోన్ వచ్చింది. రైళ్లు తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి సబా పుట్టింటి ఊరు మానుకోట చేరాను. బండిలో నాకు ఎదురుగా వరంగల్ గుడిలో మొక్కు తీర్చుకుని తిరిగి వెళ్తున్న పెద్దామె ఒకతె కూర్చుంది. కొమురమ్మ అట. "బిడ్డ పుట్టిందా? సల్లగుండాలె" అని నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది. నేను తినలేదు, జేబులో వేసుకున్నాను. ఈ మధ్య నాకు ఎవరి చేయి చూసినా చేయిలాగే కనబడటం లేదు. నా చేయి అసలే అట్లా కనబడటం లేదు.

పిల్ల రెండున్నర కిలోలు. సబా మొహం తేరుకుంది. నన్ను చూసి కొంగు సర్దుకుని "సలాం మామూ" అంది. పెదవులు చూసి తెలుసుకున్నాను. వాళ్ల అమ్మ పిల్లను తెల్ల గుడ్డలో చుట్టి గడప దాకా తెచ్చింది. పుట్టిన బిడ్డ చెవిలో పెద్దవాళ్లు చెప్పాల్సిన అజాన్ ఎవరూ చెప్పలేదట. నా కోసం ఆపారట. ఇది నువ్వు చేసిన ఏర్పాటేనని మున్నా చెప్పాడు. నాకు కోపం రాలేదు.

బండి దిగాక స్టేషను బయట నాకు ఒక తుమ్ము వచ్చింది. ఒక్కటే. గొంతు గీరడం లేదు, జ్వరం లేదు, ఒళ్లు నొప్పులు లేవు. మిరప బస్తాలు దింపుతున్నారు, ఆ ఘాటు అయి ఉంటుంది. మా డాక్టరు గారైతే లెక్కలోకి తీసుకునేవారు కాదు.

ఒంటిగంటా ఇరవై నిమిషాలకు.

నేను వాకిట్లోనే నిలబడ్డాను. మున్నా పిల్లను ఎత్తుకుని చెవిలో అజాన్ చెప్పాడు. నాకు వినపడలేదు. సాయంత్రం బండికి జనగామ వచ్చేశాను.

గౌస్